బెల్టు పావురాలు

ఓదేలు కాక దినాలకు పోయినప్పుడు, వాళ్ల వాకిట్లో నీళ్ల గోళెం ఒరిగిపోకుండా దాని కింద ఒక నల్లటి ముక్క ఎగదోసి ఉండడం చూశాను. వంగి చూస్తే పావురం. బొగ్గు మోసే కన్వేయర్ బెల్టు పాతబడితే పక్కన పడేస్తారు కదా, ఆ దళసరి రబ్బరును కోసి చేసిన పావురం. తోక సగం అరిగిపోయింది, ముక్కు మాత్రం అలాగే ఉంది. కాక కోడలు నా వెనకే వచ్చి, "ఏందక్కా గట్ల చూస్తున్నవ్? అది ఎప్పటిసంది గాడనే ఉంది. ఏందో మాకు గూడ ఎర్కలేదు," అంది. చెప్పబోయి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, "మా బాపు చేసింది," అని ఊరుకున్నాను. ఆ జవాబు ఆ పిల్లకు చాలలేదు. నాకూ చాలలేదు. ఇంటికి వచ్చి రెండు ముద్దలు తిని పడుకున్నా ఆ చిరాకు పోలేదు. మా నాన్న గురించి ఎవరైనా అడిగితే ఇప్పటికీ నాకు ముందు వచ్చేది దుఃఖం కాదు, చిరాకే. అదెందుకో రాస్తేనైనా తేలుతుందేమో.

మేముండేది గోదావరిఖనిలో రెండు గదుల క్వార్టర్‌లో. బాపు పేరు రాజం, బొగ్గు బాయిలో లోపలి పని. మా ఇంట్లో గోడ గడియారం ఉండేది గానీ దానివైపు ఎవరూ చూసేవాళ్లు కాదు, బాయి సైరన్ కూస్తే అవ్వ లేచేది. మా దిక్కు తల్లినే అవ్వ అంటాం. ఆమె బొగ్గుల పొయ్యిని వాకిట్లోకి ఈడ్చుకొచ్చి, అడుగున పిడక తుంచి వేసి, పైన బొగ్గు పేర్చి అంటించి, విసనకర్ర నా చేతిలో పెట్టేది. మా క్వార్టర్ల లైనులో అన్ని వాకిళ్లలో ఒకేసారి పొయ్యిలు రాజుకుంటుంటే ఎదురింటి తలుపు కూడా కనిపించనంత పొగ. ఆ వాసన నా జడలో, పుస్తకాల్లో, పండక్కి దాచుకున్న ఓణీలో కూడా ఉండేది. డ్యూటీ నుంచి వచ్చిన బాపు ముందు ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. గడప మీద కూర్చుని బూట్లు విప్పి, బెల్లం ముక్క బుగ్గన పెట్టుకుని, అది కరిగేదాకా కళ్లు మూసుకునేవాడు. గొంతులో దిగిన దుమ్మును బెల్లం కడుగుతుందని ఆయన నమ్మకం. ఎంత తోమి స్నానం చేసినా కళ్ల అంచుల్లో బొగ్గు నిలిచి, కాటుక పెట్టుకున్నట్టు కనిపించేవాడు. "మీ నాయిన కండ్లు సినిమా కండ్లు," అని మా అవ్వ ఎగతాళి చేసేది.

టౌను దాటి, నేలను పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టు గని అంచున మాకొక జొన్న చేను ఉండేది. ఆదివారం బాయికి సెలవు. ఆ ఒక్కరోజూ బాపు ఇంట్లో నిలిచేవాడు కాదు. జొన్న కోసి, కంకులు తరలించాక, రాలిన గింజల కోసం చేలో పావురాలు దిగేవి. ఎయిర్‌గన్ తీసుకుని, సంచీలో తన రబ్బరు పావురాలు వేసుకుని పోయేవాడు. ఆ తుపాకీ ఛర్రా దూరం పోదు. పావురం పాతిక అడుగుల్లోకి వస్తేనే పని. అది రావాలంటే నేల మీద ముందే కొన్ని పావురాలు మేస్తున్నట్టు కనిపించాలి. పిట్టకు పిట్టను చూపించి రప్పించడాన్ని మావాళ్లు దీమం పెట్టడం అంటారు. బాపు దీమాలను చూస్తే నాకు ఆయన మీద కోపం వచ్చేది, అంత మురిపెంగా ఆయన నన్నూ మా అన్ననూ ఎన్నడూ చూసుకోలేదు. బెల్టు ముక్కను పావురం ఆకారంలో కోసి, వంచి, కడుపు కింద ఇనుప చువ్వ గుచ్చి, పొయ్యిలో బూడిదను సున్నపు తేటలో కలిపి పూసేవాడు. అది ఎండాక మెరుపు లేకుండా గుడ్డతో రుద్దేవాడు. మెరిస్తే పిట్ట బెదురుతుందట. నాకు అప్పటికి తెలిసినవి ఇవే. ఆయన వాటిని చేలో ఎలా పరిచేవాడో నేను సరిగా చూడలేదు. ఆయనకు అన్నం తీసుకుపోయి, గట్టు మీద పెట్టి, తిరిగి వచ్చేదాన్ని.

నేను ఇంటర్ రెండో ఏడాదిలో ఉన్నప్పుడు, ఒక పొద్దున బాపు గడప మీద కూర్చుని బూటు దారం కట్టుకుంటూ ఆగిపోయాడు. దారం కుడిచేతిలోంచి జారిపోయింది. మళ్లీ తీసుకున్నాడు, మళ్లీ జారింది. "ఏందయ్యా?" అంది అవ్వ. ఆయన ఆమెవైపు తిరిగి ఏదో అనబోయి పక్కకు ఒరిగాడు. ఓదేలు కాక మా పక్క క్వార్టర్ వాడు, బాపుతో ఒకే బాయిలో పని. ఆయనే జీపు కోసం పరుగెత్తాడు. దవాఖానలో చాలా రోజులు ఉంచారు. ప్రాణం నిలిచింది, కుడి పక్క పడిపోయింది, మాట పోయింది. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు రోజూ చెయ్యీ కాలూ కదిలించమన్నాడు, మాట్లాడిస్తూ ఉండమన్నాడు.

మాట పోయిందన్నాను గానీ పూర్తిగా కాదు. ఒకే ఒక్కటి మిగిలింది: "గదే." నీళ్లు కావాలన్నా గదే, దిండు ఎత్తు పెట్టమన్నా గదే, కిటికీ వెయ్యమన్నా గదే. మనం ఇచ్చింది సరైనది కాకపోతే గొంతు పెంచి "గదే! గదే!" అనేవాడు, ఆయన మనసులో ఉన్నది మన ముందు పెట్టినంత స్పష్టంగా ఉన్నట్టు. తిట్లు మాత్రం చెక్కుచెదరలేదు. మనిషి పేరు రానివాడికి అమ్మనాలి తిట్లు పొల్లుపోకుండా ఎలా వస్తాయో నాకు అర్థమయ్యేది కాదు. పరీక్షలకు చదువుకుంటూ ఒక చేత్తో ఆయన వేళ్లు ఒక్కొక్కటే వంచుతూ, "బాపూ, ఇదేంది? గ్లాసు. అను, గ్లాసు," అనేదాన్ని. "గదే," అనేవాడు. ఓపిక నశించి ఒకనాడు గ్లాసు నేల మీద కొట్టాను. స్టీలు గ్లాసు, సొట్టపోయింది. ఆయన ఒక తిట్టు తిట్టాడు. ఆ తిట్టు మాత్రం ఎంత చక్కగా పలికిందో!

ఇక చూడ్డానికి వచ్చినవాళ్లు రెండు మాటలు చెప్పి పోయేవాళ్లు. ఒకటి, పక్షవాతానికి పావురం మాంసమే మందు, పులుసు తాగించి, వేడి వేడి నెత్తురు చేతికి రుద్దితే నరాలు లేస్తాయని. రెండోది అన్నకు. మా అన్న సమ్మయ్య డిగ్రీ తప్పి ఇంట్లోనే ఉన్నాడు. బాయి మనిషి పనికి పనికిరాడని మెడికల్ బోర్డు తేలిస్తే కొడుక్కు నౌకరి వచ్చే రోజులవి. నయమైతే బాపునే పైన ఏదో తేలిక పనిలో పెడతారు. "ఫికర్ చెయ్యకు బిడ్డా, నీకు నౌకరి వస్తది," అని వచ్చిన ముసలివాళ్లు బాపు మంచం పక్కనే నిలబడి అన్న వీపు తట్టేవాళ్లు. బాపు చూపు వాళ్ల మీద నుంచి అన్న మీదికి పోయేది. అన్న గోడవైపు తిరిగేవాడు.

మా అవ్వ మొదటి మాటే పట్టుకుంది. అంగట్లో పెంపుడు పావురాలు దొరుకుతాయి కదా అంటే, "అవి కాదు, చేన్ల తిరిగి మేసినయ్ గావాలె," అంది. డాక్టరును అడిగితే, తింటే తప్పులేదు గానీ చేతిని కదిలించడం మానొద్దన్నాడు. అవ్వకు ఆ మాటలో మొదటి సగమే వినిపించింది. అలా జొన్న కోసిన చేలోకి నేనూ అన్నా పోవడం మొదలైంది. దీమాలు పెట్టడం నా వంతు, తుపాకీ అన్న వంతు.

పెట్టాను. ఎంత శ్రద్ధగా పెట్టానో! కోసిన జొన్న కొయ్యకాళ్ల మధ్య చదునైన చోటు వెతికి, వరసలుగా, అన్నిటి మొహాలూ మేం దాక్కున్న తుమ్మ కంపవైపు ఉండేలా. పరీక్ష హాల్లో బల్లలు వేసినట్టు. పావురాలు వచ్చేవి. గుంపుగా మా నెత్తి మీదికి వచ్చి, ఒక చుట్టు చుట్టి, ఏదో గుర్తుకొచ్చినట్టు ఓపెన్‌కాస్టు గోడలవైపు పోయేవి. ఒక్కటీ దిగేది కాదు. నా చదువు చంకనాకిపోతోంది, ఎండకు అన్న మొహం మాడిపోతోంది. పొద్దుగూకి ఇంటికి పోతే అవ్వ మా చేతులవైపు చూసేది. బాపు మంచంలోంచి "గదే?" అనేవాడు. లేదని తల ఊపితే మొదలుపెట్టేవాడు. ఎడమ అరచేతిని ఇలా పైకీ కిందికీ, పైకీ కిందికీ తిప్పి, "గదే, గదే, గదే." తిరగేసి పెట్టమంటున్నాడనుకుని మర్నాడు దీమాల తలల దిక్కు మార్చాను. దిగలేదు. బోర్లించమంటున్నాడేమోనని సగం బోర్లించాను. చచ్చిన పావురాల్లా ఉన్నాయని అన్న నవ్వాడు. ఇంటికి వచ్చి బాపు ముందు నేల మీద చింతగింజలు పరిచి, "ఇట్లనా? ఇట్లనా?" అని అడిగాను. ఆయన ఎడమచేత్తో ఆ గింజలన్నీ ఒక్క తోపు తోశాడు. అవి గదంతా చెదిరాయి. "గదే!" అని అరిచాడు, కళ్లలో నీళ్లు. కోపమొచ్చి తోశాడనుకుని నేనూ ఏడుస్తూ లేచిపోయాను. ఆ గింజలు చీపురుతో ఊడ్చింది అవ్వ.

మరుసటి రోజు అన్నతో తగువైంది. ఒక ఒంటి పావురం దారి తప్పి వచ్చి దీమాలకు కాస్త అవతల వాలింది. అన్న గురిచూసి కొట్టాడు, తప్పింది. అంత దగ్గర ఎలా తప్పుతుంది?

"కావాల్నని తప్పిచ్చినవా?" అన్నాను.

అన్న నావైపు చూడలేదు. తుపాకీని కొయ్యకాళ్ల మీద పెట్టాడు. "ఏందన్నవ్?"

"బాపుకు మంచిగైతే నీకు నౌకరి రాదు గదా."

వాడు కొడతాడనుకున్నాను. కొట్టలేదు. "లైన్ల అందరు గదే మాట మొఖం మీద అంటున్నరు. నువ్వు గూడ అను," అన్నాడు. "బాపు నన్ను ఎట్ల చూస్తున్నడో నీకు ఎర్కేనా? నేను ఎప్పుడు లేస్తనా అని కాదు, వీనికి ఎప్పుడు నౌకరి వస్తదా అని చూస్తున్నడు. గా చూపు చూడలేక నేను చేన్లకు వస్తున్న. పిట్ట కోసం కాదు." తుపాకీ అక్కడే వదిలి గట్టు ఎక్కి పోయాడు. నేను సంచీ, తుపాకీ, రబ్బరు పావురాలు అన్నీ మోసుకుంటూ ఎండలో ఒక్కదాన్నే నడిచాను. బెల్టు రబ్బరు ఎంత బరువో ఆరోజు తెలిసింది.

మా తగువు సంగతి తెలియకుండానే ఓదేలు కాక పావురాలను దించే దారి ఒకటి చూశాడు. "నోరు రాకుంటె మనిషినే తోల్కపోదాం," అని, ఆదివారం నాడు ఊరి నుంచి ఎడ్లబండి తెప్పించి, గడ్డి పరిచి, బాపును ఎత్తి కూర్చోబెట్టాడు. అన్న రాడనుకున్నాను. వచ్చాడు. బండి వెనక, మాతో మాట్లాడకుండా నడిచాడు.

చేలో బాపును తుమ్మచెట్టు మొదట్లో ముక్కాలి పీట మీద కూర్చోబెట్టాం. నేను ఎప్పటిలా దీమాలు వరసగా పెట్టడం మొదలుపెట్టాను. నాలుగోది గుచ్చేలోగా వెనక నుంచి పెద్ద తిట్టు వినిపించింది. కాక సంచీ తీసి బాపు ఒడిలో పెట్టాడు. బాపు ఎడమచేత్తో ఒక రబ్బరు పావురాన్ని తీసి, అరచేతిలో ఒకసారి తూచి, గాల్లోకి విసిరాడు. చెయ్యి పైకీ కిందికీ. అది ఎక్కడో పడింది. ఇంకొకటి విసిరాడు. ఇంకొకటి. "గదే," అన్నాడు నాతో, ఈసారి మెల్లగా. ఇన్నాళ్లూ ఆయన చెప్పింది ఇంతే: పెట్టొద్దు, విసురు. పడ్డచోటే ఉండనియ్యి. మేసే పిట్టలు వరసలో నిలబడవు కదా. చింతగింజలు చెదరగొట్టి కూడా చూపించాడు. నా అంత మొద్దు ఇంకెవరూ ఉండరనిపించింది. ఆ వెంటనే, నోరున్న రోజుల్లో ఒక్కసారైనా కూర్చోబెట్టి ఈ ముక్క చెప్పి ఉంటే ఏమయ్యేదని ఆయన మీదా మండింది. పడినవాటిని పడ్డచోటే చువ్వలతో గుచ్చుతూ పోయాను. ఆయన గాలి వచ్చే దిక్కుకు గడ్డం ఎత్తాడు. తలలు ఇంచుమించు అటు తిప్పాను. మధ్యలో ఒక వాకిలంత చోట పడ్డ రెండింటిని తీసేయమని చేత్తో ఊడ్చినట్టు చూపాడు. వచ్చేవాటికి దిగడానికి ఖాళీ ఉండాలి.

గుంపు వచ్చింది. నెత్తి మీద ఒక్క చుట్టే తిరిగింది. రెక్కలు బిగబట్టి, తోకలు విప్పి, ఆ ఖాళీలోకి కాళ్లు చాచాయి. అన్న తుపాకీ ఎత్తాడు. సరిగ్గా అప్పుడే, ఆదివారం కూడా పని ఆగని ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగ్. నేల పీటతో సహా కదిలింది. గుంపంతా ఒక్క చప్పుడుతో లేచి, దుమ్ము మబ్బులోకి పోయింది. కాక కంపెనీని కాదు, తనను తానే తిట్టుకున్నాడు, ఆ టైము మరిచిపోయినందుకు. నేను నేల మీద కూలబడ్డాను. ఇక పోదామన్నాను. అన్న మాత్రం తుపాకీ దించలేదు. "కూసో," అన్నాడు నాతో, తగువైన తర్వాత మొదటిసారి. "వస్తయ్. గింజలు ఈడనే ఉన్నయ్ గదా." చాలాసేపటికి వచ్చాయి, కొన్నే. అన్న రెండు కొట్టాడు. బాపు పీట మీద నుంచి ఒరిగి చూసి, గొంతులో ఏదో గరగర చేసి, "పా... పా..." అన్నాడు. కాక దగ్గరికి పోయి చెవి పెట్టాడు. "పావురం," అన్నాడు బాపు.

ఆ మాట విన్న అవ్వ ఇంట్లో కూలబడి ఏడ్చింది. ఆ పావురాలు పులుసు కాకముందే పనిచేశాయని లైనంతా చెప్పుకుంది. డాక్టరేమో రోజూ మాట్లాడించినందుకే అన్నాడు. ఏదైతేనేం, ఆ ఎండాకాలంలో మాటలు ఒక్కొక్కటే తిరిగి వచ్చాయి. నీళ్లు, అంగి, సాలు, పో. కుడిచేత్తో గుడ్డ ఉండను నొక్కడం నేర్చుకున్నాడు. నేను ఒక పరీక్ష తప్పాను. ఎవరూ గమనించలేదు.

ఇప్పుడు ఆ చేను లేదు. గనిలోంచి తీసిన మట్టి అక్కడ గుట్టగా పోశారు, గుట్ట మీద చెట్లు పెట్టారు. పావురాలకు ఇప్పుడు ఎవరూ దీమాలు పెట్టక్కర్లేదు. మా అపార్ట్‌మెంటులో ప్రతి బాల్కనీకీ వలలు కట్టి మరీ తరుముతున్నా, ఏసీ డబ్బా వెనక గుడ్లు పెడుతున్నాయి. మా పక్కింటాయనకు నిరుడు ఇలాగే మాట పోతే ఇంటికి ఒక అమ్మాయి వచ్చి, ఫోనులో బొమ్మలు చూపించి, ఓపిగ్గా పలికించేది. ఆ అమ్మాయి గొంతు పెంచడం నేను వినలేదు. గోడకు ఇవతల కూర్చుని, మా ఇంట్లో సొట్టపోయిన గ్లాసు, అవ్వ కాల్చిన పావురపు ఈకల కమురు గుర్తొచ్చి, మేం ఎంత తెలియనితనంలో ఎంత కష్టపడ్డామో అనుకునేదాన్ని. ఆయనకు నయమైంది. బ్యాంకుకు తనే పోయి తన పనులు చేసుకుంటున్నాడు. సంతోషమే. కానీ మా బాపుకూ మాట వచ్చింది. దాన్ని ఆయన ఏం చేశాడో తలచుకుంటేనే నాకు ఇప్పటికీ ఆ చిరాకు వస్తుంది.

వానలు పడే ముందు మెడికల్ బోర్డుకు పిలుపు వచ్చింది. ఆ పొద్దున బాపు అవ్వను, "నా అంగి ఏది?" అని అడిగాడు. మూడు మాటలు, కాస్త సాగినా తేటగా. అవ్వ ఇంట్లో ఉండిపోయింది. బాపు, కాక, అన్న, నేను ఆటోలో పోయాం. లోపలికి ఒక్కరినే తోడు రమ్మంటే నేను పోయాను. బల్ల అవతల ముగ్గురు డాక్టర్లు. మధ్యలో ఉన్నామె మంచి మనిషి, బాపు కుర్చీ సర్దుకునేదాకా ఆగింది.

"రాజంగారూ, ఇదేంటో చెప్పండి," అని పెన్ను చూపించింది.

బాపు పెన్ను చూశాడు. "గదే," అన్నాడు.

కంగారుపడ్డాడనుకున్నాను. ఆమె గ్లాసుతో నీళ్లు చూపించింది. నేను నెలల తరబడి పలికించిన గ్లాసు, నీళ్లు. "గదే." ఆయన పేరు అడిగింది. "గదే." కుడిచెయ్యి ముడవమంది. ఆ చెయ్యి ఒళ్లో పడి ఉంది, తనది కానట్టు. నా గొంతు దాకా వచ్చింది: పొద్దున అంగి అడిగినవు గదా బాపూ, చెప్పు. నోరు తెరిచాను. బల్ల కింద ఆయన ఎడమ పాదం వచ్చి నా పాదం మీద పడి గట్టిగా నొక్కింది. నేను ఆయన మొహం చూశాను. నెలలుగా బాయికి పోకున్నా కాటుక అంచులు పోని కళ్లు, డాక్టరునే చూస్తున్నాయి. నోరు మూసుకున్నాను.

బయట అన్న లేచి నిలబడి, "ఏమైంది?" అన్నాడు. ఏమీ లేదన్నాను. కాక మమ్మల్ని రోడ్డు అవతల చాయ్ హోటల్‌కు తీసుకుపోయాడు. బాపు కుడిచెయ్యి అన్న భుజం మీద వేసి నడిచాడు. బల్ల దగ్గర కూర్చున్నాం. హోటల్ పిల్లవాడు గుడ్డతో బల్ల తుడుస్తూ, ఎన్ని చాయ్‌లని అడిగాడు. కాక జేబు తడుముకుంటున్నాడు.

"నాలుగు," అన్నాడు బాపు.

పిల్లవాడు లోపలికి కేక వేశాడు. చాయ్ వచ్చింది. అన్న గ్లాసు పట్టుకోలేదు. నావైపు చూశాడు. నేను రోడ్డువైపు చూశాను. అప్పుడు అన్న బాపువైపు వంగి, "లోపట మాట్లాడినవా, బాపూ?" అన్నాడు. "లోపట వాళ్లకు చెప్పినవా, మాట వచ్చిందని?"

బాపు గ్లాసును ఎడమచేత్తో అన్న ముందుకు జరిపాడు.

"తాగు," అన్నాడు. "సల్లగైతది."

అన్న గ్లాసును రెండు చేతులతో పట్టుకున్నాడు. తర్వాత తాగాడు.